తల్లి పటానికి తెల్లరంగు: మెర్ల్ ఓబెరాన్ జీవితం

1939లో వెలువడిన ‘వుదరింగ్ హైట్స్’ చిత్రంలో లారెన్స్ ఒలీవియే సరసన నటించిన మెర్ల్ ఓబెరాన్‌ను హాలీవుడ్ తెల్లజాతి సుందరిగానే ఆరాధించింది. ఆమె ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవిలో పుట్టిందని లోకం నమ్మింది. అది కట్టుకథ. ఆమె 1911 ఫిబ్రవరి 19న బొంబాయిలో జన్మించింది. ఆ వంశకథలో ఒక అధ్యాయం సింహళపు తేయాకు తోటది. తోటల సంతతివారమైన మనం ఆమె జీవితాన్ని తెలుసుకోవలసింది అందుకే.

ఆమె అసలు పేరు ఎస్టెల్ మెర్ల్ ఓబ్రయన్ థాంప్సన్. ఇంట్లో క్వీనీ అనేవారు. పెంచిన తల్లి షార్లెట్ సింహళంలో పుట్టిన మిశ్రమ సంతతి స్త్రీ. పద్నాలుగేళ్ల ప్రాయంలోనే తేయాకు తోట పెత్తనం చేసే ఒక ఆంగ్లో-ఐరిష్ దొర బలాత్కారానికి గురై, కాన్‌స్టెన్స్ అనే బిడ్డను కన్నదని జీవితచరిత్రకారులు రాశారు. ఆ కాన్‌స్టెన్స్ కూడా చిన్న వయసులోనే మెర్ల్‌కు తల్లి అయింది. లోకనిందకు వెరచిన షార్లెట్ మనుమరాలిని తన కూతురిగా పెంచింది. కన్నతల్లి అక్కగా మిగిలింది. తోటలలో దొర మాటకు ఎదురులేని రోజుల్లో ఇటువంటి పుట్టుకలు ఎలా మరుగున పడేవో మన పెద్దలు ఎరుగుదురు.

బాల్యం కలకత్తాలో గడిచింది. లా మార్టినేర్ బడిలో తోటి పిల్లల ఎత్తిపొడుపులు భరించలేక చదువు మానింది. టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేసింది. 1920ల చివర ఐరోపాకు చేరి, నిర్మాత అలెగ్జాండర్ కోర్డా దృష్టిలో పడింది. 1933లో ‘ద ప్రైవేట్ లైఫ్ ఆఫ్ హెన్రీ ఎయిత్’ చిత్రంలో ఆన్ బొలీన్ పాత్ర పేరు తెచ్చింది. అమెరికాలో ‘ద డార్క్ ఏంజెల్’ చిత్రానికి 1935 సంవత్సరపు ఉత్తమ నటి ఆస్కార్ పోటీలో నిలిచింది.

ఆ రహస్యం వెనుక భయం ఉంది. 1917 చట్టం భారతీయుల వలసను అడ్డుకుంది. 1923లో భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవారు కారనీ, పౌరసత్వానికి అర్హులు కారనీ తీర్పు చెప్పింది. లాస్ ఏంజెలెస్‌లోనే పుట్టిన చైనా సంతతి నటి ఆనా మే వాంగ్‌కు ‘ద గుడ్ ఎర్త్’ చిత్రంలో చైనా కథానాయిక పాత్ర సైతం దక్కలేదు. అది తెల్లనటికి వెళ్లింది. నిజం బయటపడితే తనకూ అదే గతి అని మెర్ల్‌కు తెలియకపోదు.

ఆ భయానికి మూల్యం చెల్లించింది షార్లెట్. లండన్‌లో కూతురి ఇంట ఉంటూనే అతిథుల ముందు పనిమనిషిగా మెలగవలసి వచ్చిందని చెబుతారు. 1937లో ఆమె కన్నుమూసింది. 1949లో మెర్ల్ ఒక చిత్రకారుని చేత తల్లి పటం వేయించింది. అందులో తల్లి మేనిఛాయను తెలుపు చేయించింది. తాను కాపురమున్న ఇళ్లలో ఆ పటాన్ని వెంట ఉంచుకుంది. తల్లిని మరువలేకపోయింది, తల్లి రంగును చూపలేకపోయింది.

1978లో టాస్మేనియా రాజధాని హోబర్ట్ నగరం ఆమెను తన బిడ్డగా భావించి గౌరవించింది. మరుసటి ఏడు నవంబరు 23న కాలిఫోర్నియాలో ఆమె మరణించింది. 1983లో వెలువడిన జీవితచరిత్రతో బొంబాయి పుట్టుక వెల్లడైంది. కన్నతల్లి ఎవరన్నది లోకానికి అంతకన్నా ఆలస్యంగా తెలిసింది.

ఆమెను నిందించడం మనకు తగదు. ఓడ దస్తావేజుల్లో గుమాస్తా చెవికి వినబడినట్లు రాసిన పేర్లను మన కుటుంబాలు ఎన్నో ఇంటిపేర్లుగా మోస్తున్నాయి. కులమో, ఊరో, ఒక అవమానమో దాచి కొత్తగా బతికిన పూర్వీకులు మనకూ ఉన్నారు. అయితే దాచినవారి కన్నా దాచబడినవారి రుణం పెద్దది. మన ఇంటి పాత ఛాయాచిత్రాలలో అంచున నిలబడిన, పేరు రాయని స్త్రీ ఎవరో పెద్దలు ఉండగానే అడిగి రాసుకుందాం. షార్లెట్ విషయంలో ఆ పని ఆమె పోయిన తరువాత, పరాయివారు చేయవలసి వచ్చింది.