కౌంట్ రంఫర్డ్

కౌంట్ రంఫర్డ్‌గా ప్రసిద్ధుడైన బెంజమిన్ థాంప్సన్ (1753 మార్చి 26 - 1814 ఆగస్టు 21) అమెరికాలో జన్మించి ఇంగ్లాండు, బవేరియా, ఫ్రాన్సు దేశాలలో జీవించిన భౌతిక శాస్త్రవేత్త, సైనికాధికారి, సంఘ సంస్కర్త. వేడి అనేది ఒక పదార్థం కాదని, చలనం వలన కలిగేదని ప్రయోగపూర్వకంగా చూపినవాడిగా పాఠ్యపుస్తకాలలో ఈయన పేరు కనిపిస్తుంది. అంతగా ప్రచారం లేని మరొక విషయం ఏమిటంటే, సన్నని సెగపై గంటల తరబడి వండే పద్ధతిని శాస్త్రీయంగా పరిశీలించి గ్రంథస్థం చేసిన తొలి వ్యక్తులలో ఈయన ఒకడు. నేడు ఇళ్ళలో వాడే స్లో కుక్కరు ఏ సూత్రంపై పనిచేస్తుందో, ఆ సూత్రాన్ని ఈయన 18వ శతాబ్దం చివరిలోనే మ్యూనిచ్ నగరంలోని ఒక పేదల వంటశాలలో గమనించాడు.

బాల్యం, విద్యాభ్యాసం

థాంప్సన్ మసాచుసెట్స్ వలసరాజ్యంలోని వోబర్న్ గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. పసితనంలోనే తండ్రి మరణించాడు. తల్లి మరల వివాహం చేసుకుంది. పదమూడేళ్ళ వయసులో సేలం పట్టణంలోని ఒక వర్తకుని వద్ద పనికి కుదిరాడు. అక్కడ ఉన్న రోజులలోనే బ్రిటిషు ప్రభుత్వం స్టాంపు చట్టాన్ని రద్దు చేసినందుకు జరిగే ఉత్సవం కోసం బాణసంచా తయారు చేయబోయి, అది పేలగా తీవ్రంగా గాయపడ్డాడు. తరువాత కొంతకాలం ఒక వైద్యుని వద్ద శిష్యరికం చేశాడు. మిత్రుడు లోమీ బాల్డ్విన్‌తో కలిసి కాలినడకన హార్వర్డ్ కళాశాలకు వెళ్ళి, అక్కడ ఆచార్య జాన్ విన్‌త్రాప్ ఇచ్చే భౌతికశాస్త్ర ఉపన్యాసాలు విన్నాడు. క్రమమైన కళాశాల విద్య ఈయనకు లభించలేదు.

అనంతరం బడిపంతులుగా జీవితం ప్రారంభించాడు. 1772లో న్యూహాంప్‌షైర్‌లోని కాంకర్డ్ పట్టణానికి ఉపాధ్యాయుడిగా వెళ్ళాడు. ఆ పట్టణానికి పూర్వనామం రంఫర్డ్. అదే సంవత్సరం, తనకంటే సుమారు 14 సంవత్సరాలు పెద్దదైన సారా వాకర్ రోల్ఫ్ అనే ధనవంతురాలైన వితంతువును వివాహమాడాడు. దీనితో ఒక్కసారిగా ఆయన హోదా మారిపోయింది. గవర్నరు ప్రాపకంతో స్థానిక సైన్యంలో మేజరు పదవి లభించింది. 1774లో సారా అనే కుమార్తె జన్మించింది.

అమెరికా విప్లవం, పలాయనం

అప్పటికి వలసరాజ్యాలలో బ్రిటిషు వ్యతిరేకత రగులుతున్నది. థాంప్సన్ రాజపక్షపాతి అన్న అనుమానంతో 1774 చివరిలో జనం ఆయనపై దాడికి సిద్ధపడగా, భార్యనూ పసిబిడ్డనూ విడిచి రహస్యంగా పారిపోయాడు. మొదటి భార్యను ఆయన మరల చూడలేదు. ఆమె 1792లో మరణించింది.

జనం అనుమానం నిరాధారమైనది కాదు. 1775 మే నెలలో అదృశ్య సిరాతో వ్రాసిన ఒక లేఖ ద్వారా విప్లవకారుల సన్నాహాలను బ్రిటిషు సేనాపతికి చేరవేశాడు. ఈ సంగతి 20వ శతాబ్దంలో గాని లోకానికి తెలియలేదు. 1776లో ఇంగ్లాండు చేరి, వలసరాజ్యాల మంత్రి లార్డ్ జార్జ్ జెర్మేన్ కార్యాలయంలో ఉద్యోగం సంపాదించాడు. తుపాకి మందుపై చేసిన ప్రయోగాలతో పేరు గడించి, 1779లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు.

యుద్ధం చివరి దశలో అశ్వికదళానికి అధిపతిగా అమెరికాకు తిరిగి వెళ్ళాడు. లాంగ్ ఐలాండ్‌లోని హంటింగ్టన్‌లో ఊరివారి శ్మశానంలోనే కోట కట్టించి, సమాధి రాళ్ళతో సైనికులకు రొట్టెల పొయ్యిలు వేయించాడు. ఆ రొట్టెల అడుగున చనిపోయినవారి పేర్లు అచ్చుపడేవని అక్కడివారు చాలాకాలం చెప్పుకున్నారు. తరువాతి కాలంలో పేదల పొయ్యి గురించి అంతగా తపించిన వ్యక్తి చేసిన పని ఇది. ఆయన స్వభావంలోని ఈ వైరుధ్యం జీవితాంతం కనిపిస్తుంది.

బవేరియాలో సంస్కరణలు

1784లో ఇంగ్లాండు రాజు మూడవ జార్జి నుండి నైట్ బిరుదు పొంది, బవేరియా పాలకుడు కార్ల్ థియోడోర్ కొలువులో చేరాడు. తరువాతి సుమారు పదకొండు సంవత్సరాలు మ్యూనిచ్ ఆయనకు కార్యక్షేత్రమైంది. ఆ రోజులలో బవేరియా సైనికుని జీతం అత్యల్పం, దుస్తులు నాసిరకం. నగరంలో యాచకుల సంఖ్య విపరీతంగా ఉండేది. థాంప్సన్ ఈ రెండు సమస్యలనూ ఒకదానితో మరొకటి ముడివేశాడు. నగర శివారులో ఒక పెద్ద పనిశాలను ముందుగా సిద్ధం చేయించి, 1790 జనవరి 1న సైనికాధికారుల సహాయంతో వీధులలోని యాచకులను పట్టించాడు. మొదటి యాచకుని తానే స్వయంగా పట్టుకున్నాడు. మరునాటి నుండి వారికి పనిశాలలో వెచ్చని గదులు, భోజనం, కూలి ఏర్పాటు చేశాడు. వారు నూలు వడికి, బట్టలు కుట్టేవారు. ఆ బట్టలు సైనికులకు వెళ్ళేవి. మ్యూనిచ్‌లోని సువిశాలమైన ఇంగ్లిషు ఉద్యానవనం కూడా ఈయన సూచన మేరకు 1789లో ప్రారంభమైనదే. 1790వ దశకం ఆరంభంలో ఆయనకు కౌంట్ బిరుదు లభించింది. బిరుదనామంగా, తాను పారిపోయి వచ్చిన ఊరి పాత పేరు 'రంఫర్డ్'నే ఎంచుకున్నాడు.

రంఫర్డ్ సూపు, పొయ్యి

పనిశాలలో వందలాది మందికి తక్కువ ఖర్చుతో కడుపు నింపవలసి వచ్చింది. దీనికై ఆయన రూపొందించిన వంటకమే రంఫర్డ్ సూపు. బార్లీ గింజలను నీటిలో మరగనిచ్చి, బఠాణీలు వేసి సన్నని మంటపై సుమారు రెండు గంటలు, ఆపై తొక్కతీసిన బంగాళాదుంపలు వేసి మరొక గంట కలుపుతూ ఉడికించేవారు. దించే ముందు ఉప్పు, వెనిగరు కలిపి, వడ్డించేటప్పుడు ఎండిన రొట్టె ముక్కలు వేసేవారు. ఆ కాలంలో బవేరియా ప్రజలకు బంగాళాదుంప అంటే ఏహ్యభావం ఉండేది. అందుచేత మొదట్లో దుంపలను ఎవరికీ తెలియకుండా గుజ్జుగా ఉడికించి కలిపారు. రుచి అలవాటైన తరువాత వారే అడిగి తిన్నారు.

అయితే నీరు కూడా ఆహారంగా మారి బలమిస్తుందని రంఫర్డ్ నమ్మాడు. ఇది పొరపాటు. చిక్కగా కనిపించే సూపులో నిజమైన పోషణ ఆయన అనుకున్నంత లేదు. కార్మికులను చౌకతిండితో సరిపెట్టే ఉపాయాలుగా కారల్ మార్క్స్ తన 'పెట్టుబడి' గ్రంథంలో ఈయన వంటకాలను తీవ్రంగా హేళన చేశాడు. ఆ విమర్శలో న్యాయం ఉంది. కాని తిండి లేనివాడికి ప్రతిరోజూ వేళకు వేడి భోజనం అందించిన ఏర్పాటు ఆనాటి ఐరోపాలో అరుదన్నది కూడా మరువరాదు.

వంటకంకంటె పొయ్యి విషయంలో ఆయన చేసిన కృషి శాశ్వతమైనది. అప్పట్లో ఐరోపా ఇళ్ళలో వంట అంటే చుట్టూ తెరచి ఉన్న పెద్ద మంటపై గిన్నెలు వేలాడదీయడమే. వేడిలో అధికభాగం పొగగొట్టం గుండా పోయేది. వంటమనిషి ముఖం కాలేది, గిన్నె మాత్రం ఆలస్యంగా కాగేది. రంఫర్డ్ ఇటుకలతో మూసిన పొయ్యిని కట్టించి, ఒక్కొక్క గిన్నెకు ఒక్కొక్క చిన్న మంటను అమర్చాడు. గాలి ప్రవేశాన్ని అదుపు చేయడానికి జరిపే పలకలు పెట్టాడు. గిన్నెలకు రెండు పొరల మూతలు చేయించాడు. బొచ్చు, ఉన్ని, ఈకలు వెచ్చగా ఉంచడానికి కారణం వాటి మధ్య చిక్కుకున్న గాలియేనని ఆయన ప్రయోగాలు చేసి ఉన్నాడు. మూత పొరల మధ్య గాలిని బంధించి ఆ సూత్రాన్నే వంటగదికి తెచ్చాడు. ఇటలీలోని వెరోనా నగరంలో రెండు ఆసుపత్రుల వంటశాలలను ఇలా మార్చినప్పుడు, కట్టెల వాడకం ఎనిమిది పాళ్ళలో ఏడు పాళ్ళు తగ్గినట్లు వ్రాశాడు.

నీటి విషయంలో ఆయన చెప్పినది నేటి గృహిణులకు కూడా పనికివచ్చేదే. నీరు ఒకసారి మరగడం మొదలుపెట్టిన తరువాత ఎంత మంట పెట్టినా దాని వేడి పెరగదు. అదనపు మంట అంతా ఆవిరిగా పోతుంది. కళపెళ మరిగే కుండలో కూర త్వరగా ఉడుకుతుందనుకోవడం భ్రమ. నెమ్మదిగా మరిగే కుండలోనూ అంతే సమయం పడుతుంది, కట్టెలు మాత్రం మిగులుతాయి.

గొర్రెమాంసం ప్రయోగం

సన్నసెగ వంట గురించిన అసలు పాఠం రంఫర్డ్‌కు యాదృచ్ఛికంగా లభించింది. బంగాళాదుంపలు ఎండబెట్టడానికి పనిశాల వంటగదిలో ఆయన ఒక యంత్రాన్ని అమర్చాడు. దానిలో మాంసం కాల్చడం సాధ్యమేమో చూడాలని గొర్రె జబ్బమాంసాన్ని పెట్టి మూడు గంటలు కనిపెట్టుకొని కూర్చున్నాడు. ఉడికిన జాడ లేదు. వేడి చాలలేదని తేల్చుకొని, విసుగుతో మాంసాన్ని వంటపనివారైన స్త్రీలకు విడిచి ఇంటికి వెళ్ళిపోయాడు. అప్పటికే పొద్దుపోయింది. మరెక్కడ పెట్టినా ఒకటేనని వారు దానిని ఆ యంత్రంలోనే రాత్రంతా ఉంచేశారు. తెల్లవారి వండుకోవడానికి తీయబోతే అది అప్పటికే చక్కగా ఉడికి, ఎంతో మెత్తగా, రసం పోకుండా, విశేషమైన రుచితో ఉన్నది. రంఫర్డ్ మొదట నమ్మలేదు. తరువాత పలుమార్లు పరీక్షించి, మరుగు ఉష్ణోగ్రతకంటె తక్కువ వేడిని ఎక్కువసేపు నిలకడగా ఉంచితే గట్టి మాంసం కూడా మెత్తబడుతుందని నిర్ధారించాడు. తన వ్యాసంలో ఈ సంఘటనను దాచుకోకుండా వ్రాశాడు. కనుగొన్న ఘనతలో సగం ఆ పేరు తెలియని వంటమనుషులదే అనవచ్చు.

తెలుగువారికి ఈ పద్ధతి కొత్తది కాదు. పిడకల దాలిలో పాలకుండను ఉదయం పెట్టి సాయంత్రం వరకు కాగనివ్వడం, హైదరాబాదులో హలీంను గంటల తరబడి ఉడికించడం ఇటువంటివే. రంఫర్డ్ ప్రత్యేకత దానికి కారణాన్ని వెదకి, కొలిచి, ఇతరులు మరల చేయగలిగేలా వ్రాయడంలో ఉంది.

వేడి స్వభావంపై పరిశోధన

మ్యూనిచ్ ఆయుధాగారంలో ఫిరంగులను తొలిచేటప్పుడు లోహం విపరీతంగా వేడెక్కడం రంఫర్డ్ గమనించాడు. అప్పటి పండితుల నమ్మకం ప్రకారం వేడి అనేది 'కెలోరిక్' అనే ద్రవం. దాని నిజానిజాలు తేల్చడానికి ఆయన ఒక మొద్దుబారిన బరమాను లోహపు దిమ్మెకు ఒత్తి, గుర్రాల బలంతో నిమిషానికి 32 సార్లు త్రిప్పించాడు. దిమ్మె చుట్టూ చెక్కపెట్టెలో సుమారు 19 పౌండ్ల చన్నీరు పోయించాడు. రెండున్నర గంటలకు, నిప్పు లేకుండానే ఆ నీరు మరగడం చూసి అక్కడివారు నిశ్చేష్టులయ్యారు. రాపిడి సాగినంతసేపూ వేడి తరగకుండా వస్తూనే ఉంటే అది పదార్థం కాజాలదని వాదిస్తూ 1798 జనవరిలో రాయల్ సొసైటీకి పత్రం సమర్పించాడు. పండితులు వెంటనే ఒప్పుకోలేదు. 1840వ దశకంలో జౌల్ ప్రయోగాల తరువాత గాని ఈ వాదం స్థిరపడలేదు.

రాయల్ ఇన్‌స్టిట్యూషన్

1796లో కుమార్తె సారా అమెరికా నుండి వచ్చి లండనులో తండ్రిని కలుసుకుంది. ఇరవై ఒక్క సంవత్సరాల వయసులో ఆమె తండ్రిని మొదటిసారి ఎరిగి చూసినట్లే. పొగ గదిలోకి రాకుండా చేసే రంఫర్డ్ నిప్పుగూడు ఆ రోజులలోనే లండను ఇళ్ళలో ప్రచారంలోకి వచ్చింది. 1799లో ఈయన చొరవతో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఏర్పడింది. సామాన్యులకు, చేతిపనివారికి విజ్ఞానం అందించడం, మెరుగైన పొయ్యిలు, పాత్రలు ప్రదర్శించడం ఆయన ఉద్దేశం. 1801లో యువకుడైన హంఫ్రీ డేవీని తీసుకువచ్చినవాడు కూడా ఈయనే. అయితే ఎవరితోనూ పొసగని స్వభావం వలన నిర్వాహకులతో విభేదించి 1802లో లండను విడిచాడు. ఆ తరువాత సంస్థ సంపన్నుల ఉపన్యాసశాలగా మారినా, డేవీ, ఫారడేల పరిశోధనలతో విశ్వవిఖ్యాతి గాంచింది.

చివరి సంవత్సరాలు

1805లో పారిస్‌లో, సుప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త లావోషియే భార్య అయిన మరీ ఆన్‌ను వివాహం చేసుకున్నాడు. లావోషియేను 1794లో విప్లవ ప్రభుత్వం గిలటిన్‌కు బలిచేసింది. 'కెలోరిక్'కు ఆ పేరు ప్రచారంలోకి తెచ్చినవారిలో లావోషియే ముఖ్యుడు కావడం గమనార్హం. ఆమెకు అతిథులు, విందులు ఇష్టం. ఈయనకు ఏకాంతం, ప్రయోగాలు కావాలి. ఒకసారి ఆమె పిలిచిన అతిథులు రాకుండా ఈయన ద్వారానికి తాళం వేయించగా, ఆమె కోపంతో ఆయన ప్రాణంగా పెంచుకున్న పూలమొక్కలపై మరిగే నీరు పోసిందని కుమార్తెకు వ్రాసిన లేఖ వలన తెలుస్తున్నది. 1809లో విడిపోయారు. ఇతరుల ఇంటి పొయ్యిని అంత చక్కగా అమర్చిన మనిషికి తన ఇంటి పొయ్యి ఎక్కడా కుదరలేదు.

పారిస్ సమీపంలోని ఓటోయ్‌లో నివసిస్తూ దీపాల కాంతిని కొలవడం, కాఫీని చక్కగా కాచే పాత్ర వంటి విషయాలపై చివరివరకు పనిచేశాడు. 1814 ఆగస్టు 21న మరణించి అక్కడే సమాధి చేయబడ్డాడు. ఆస్తిలో కొంత భాగం, తాను విద్యార్థిగా చేరలేకపోయిన హార్వర్డ్‌లో ఆచార్య పీఠానికి వ్రాసి ఇచ్చాడు. కుమార్తె సారా అవివాహితగా ఉండి 1852లో కాంకర్డ్‌లో మరణించింది.

స్లో కుక్కరు

విద్యుత్తుతో పనిచేసే స్లో కుక్కరుకు 1940లో అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ పేటెంటు పొందాడు. 1971 నుండి అది 'క్రాక్‌పాట్' పేరుతో ఇంటింటికీ చేరింది. నాక్సన్‌కు ప్రేరణ రంఫర్డ్ కాదు. యూదులు విశ్రాంతిదినం కోసం ముందురోజు సాయంత్రం రొట్టెల బట్టీలో ఉంచి రాత్రంతా ఉడకనిచ్చే చోలెంట్ అనే వంటకం గురించి తల్లి చెప్పిన కథ అతనికి ప్రేరణ. అయినా ఇటువంటి కుక్కరును ఎంచుకొనేటప్పుడు చూడవలసిన గుణాలు రంఫర్డ్ పొయ్యి గుణాలే: వేడి హెచ్చుతగ్గులు లేకుండా నిలవాలి, గిన్నె మందంగా ఉండాలి, మూత బిగువుగా కూర్చోవాలి, మాటిమాటికి తీయకూడదు.

రంఫర్డ్ కాలానికి సూక్ష్మజీవుల సంగతి తెలియదు. మ్యూనిచ్ యంత్రంలో వేడి ఇంకాస్త తక్కువై ఉంటే తెల్లవారి ఆ మాంసం రుచికి బదులు రోగం తెచ్చేది. ఆహారం 60 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగువన గంటల తరబడి ఉండరాదు. కనుక నమ్మదగిన కుక్కరు ఆ మెట్టును త్వరగా దాటించగలగాలి. రాజ్మా గింజలలోని విషపదార్థం సన్నసెగకు నశించదు. వాటిని నానబెట్టి, ఆ నీరు పారబోసి, వేరే గిన్నెలో పది నిమిషాలపాటు బాగా మరగించిన తరువాతనే స్లో కుక్కరులో వేయాలి.

1969లో ఆక్స్‌ఫర్డ్ భౌతిక శాస్త్రవేత్త నికొలస్ కుర్తీ, రంఫర్డ్ స్థాపించిన రాయల్ ఇన్‌స్టిట్యూషన్ వేదికపైనే వంటింటి భౌతికశాస్త్రంపై ఉపన్యసిస్తూ, 80 డిగ్రీల వేడిలో గొర్రెమాంసాన్ని వండించి ఆ పాత ప్రయోగాన్ని మరల చేసి చూపాడు.