ఏడేళ్ళ గుడి, పదమూడేళ్ళ రాజభవనం: సొలొమోను రాజు కథ

గుడులు కట్టించిన రాజుల గురించి వరుసగా చెప్పుకుంటున్నాం కదా. ఈసారి మన దేశం దాటి, సుమారు 3,000 ఏళ్ళ కిందటి ఇజ్రాయేలుకి వెళ్దాం. యెరూషలేములో మొదటి దేవాలయం కట్టించిన సొలొమోను కథ ఇది. మీ క్రైస్తవ స్నేహితుల్ని ఆయన గురించి అడిగితే జ్ఞానం, బంగారం అనే రెండు మాటలు ముందొస్తాయి. అవి నిజమే. కానీ బైబిల్లో రాజుల గ్రంథం తీసి నిదానంగా చదివితే ఇంకో మాట కూడా మళ్ళీ మళ్ళీ తగులుతుంది. అది వెట్టి.

ఒక విషయం ముందే చెప్పేస్తాను. ఆ కాలపు శాసనాల్లో సొలొమోను పేరు ఇంతవరకు దొరకలేదు. ఆయన వైభవం ఎంతవరకు నిజం అన్నది పురావస్తు పండితుల మధ్య ఇంకా తేలని వాదన. కాబట్టి కింద కనిపించే లెక్కలన్నీ గ్రంథం చెప్పే లెక్కలే.

సొలొమోను తండ్రి దావీదు, తల్లి బత్షెబ. దావీదు మంచం పట్టిన రోజుల్లో అన్న అదోనీయా తనే రాజునని విందు పెట్టుకున్నాడు. బత్షెబ, నాతాను ప్రవక్త కలిసి దావీదు దగ్గరికి వెళ్ళి, సొలొమోనుకి పట్టాభిషేకం జరిగేలా చూశారు. గద్దె ఎక్కాక అదోనీయాని, సేనాపతి యోవాబుని చంపించాడు. వాళ్ళ పక్షాన నిలిచిన యాజకుడు అబ్యాతారుని అనాతోతు అనే ఊరికి పంపేశాడు. ఈ ఊరి పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఆ తర్వాత గిబియోనులో కల. ఏం కావాలో కోరుకోమని దేవుడు అడిగితే, ఆయుష్షు, డబ్బు కాకుండా మంచి చెడు తెలుసుకునే బుద్ధి అడిగాడు. ఒక బిడ్డ కోసం ఇద్దరు ఆడవాళ్ళు కొట్లాడుకున్న తీర్పు ఆ వెంటనే వస్తుంది. మన జాతక కథల్లో మహోసధుడి తీర్పు కూడా దాదాపు ఇలాంటిదే. ఎవరు అసలు తల్లో బిడ్డ మీద ప్రేమే తేల్చేస్తుంది.

ఇక గుడి సంగతి. పాలన నాలుగో ఏట మొదలుపెట్టి ఏడేళ్ళలో పూర్తి చేశాడు. పొడవు 60 మూరలు, వెడల్పు 20 మూరలు. అంటే సుమారు 27 మీటర్లు, 9 మీటర్లు. మన పెద్ద ఆలయాల పక్కన చిన్నదే. రాళ్ళు క్వారీలోనే చెక్కించి తెచ్చారు కాబట్టి కట్టే చోట సుత్తి చప్పుడు కూడా వినిపించలేదట. దేవదారు కలప లెబానోను నుంచి వచ్చింది. తూరు రాజు హీరాము పంపాడు. ప్రతిగా సొలొమోను ఏటా 20,000 కొర్ల గోధుమలు ఇవ్వాలి.

మరి పని ఎవరు చేశారు? ఇజ్రాయేలు అంతటి నుంచీ 30,000 మందిని వెట్టికి పట్టారు. 10,000 మంది చొప్పున ఒక నెల లెబానోనులో, రెండు నెలలు ఇంట్లో. పైన అధికారి అదోనీరాము. ఇవి కాక బరువులు మోసేవాళ్ళు 70,000, రాళ్ళు కొట్టేవాళ్ళు 80,000. ఎక్సెల్ షీట్‌లో పెడితే ఈ రొటేషన్ చక్కగా కనిపిస్తుంది. కానీ ఏడాదికి నాలుగు నెలలు పొలం వదిలేసి వెళ్ళిన రైతు ఇంట్లో ఏం జరిగి ఉంటుందో ఆ షీట్ చెప్పదు. ఇజ్రాయేలీయుల్ని దాసుల్ని చేయలేదని అదే గ్రంథం ఇంకోచోట అంటుంది. రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి.

ఇక్కడే నాకు మనసు కలుక్కుమంటుంది. ఈ జాతి మూల కథే వెట్టి నుంచి విడుదల. ఐగుప్తులో ఫరోకి గిడ్డంగుల పట్టణాలు కట్టిన వాళ్ళ పిల్లలు వీళ్ళు. ఏటా పస్కా పండగ చేసేది అది గుర్తు పెట్టుకోవడానికే. ఐగుప్తు దాటిన 480వ ఏట గుడి మొదలైందని గ్రంథకర్త లెక్క కట్టి మరీ చెప్తాడు. సొలొమోను కూడా గిడ్డంగుల పట్టణాలు కట్టించాడు. ఫరో కూతుర్నే పెళ్ళి చేసుకున్నాడు.

గుడి తర్వాత సొంత రాజభవనానికి 13 ఏళ్ళు పట్టింది. రాజ్యాన్ని 12 జిల్లాలు చేసి, ఒక్కో జిల్లా ఒక్కో నెల రాజు వంటశాలని పోషించాలన్నాడు. సొంత గోత్రమైన యూదా మీద ఈ భారం పడలేదని చాలామంది పండితులు చదువుతారు. చివరికి గలిలయలో 20 ఊళ్ళు హీరాముకి ఇచ్చేశాడు. హీరాము వచ్చి చూసుకుని పెదవి విరిచాడు.

బంగారం మాత్రం వచ్చింది. ఒక్క ఏడాదిలో 666 తలాంతులు. మూడేళ్ళకోసారి వచ్చే ఓడల్లో దంతం, కోతులు, నెమళ్ళు కూడా ఉండేవి. ఆ నెమలికి వాడిన హీబ్రూ మాట తుక్కి, తమిళ తోగై నుంచి వెళ్ళిందని కొందరు భాషావేత్తలు అంటారు.

700 మంది రాణులు, 300 మంది ఉపపత్నులు. ముసలితనంలో వాళ్ళ దేవుళ్ళకి కొండల మీద గుళ్ళు కట్టించాడు. రాజ్యం చీలడానికి గ్రంథకర్త చెప్పే కారణం ఇదే. ఇష్టదైవాన్ని పూజించుకునే ఇళ్ళలో పెరిగిన మనకి, అందులో తప్పేముంది అనిపిస్తుంది. కానీ వాళ్ళకది ఒకే దేవుడితో చేసుకున్న నిబంధన తప్పడం. వాళ్ళ కథని ముందు వాళ్ళ లెక్కలో చదవాలి కదా.

ఇవాళ్టి క్రైస్తవుల్లో ఈ కథని రెండు రకాలుగా చదివేవాళ్ళున్నారు. సంపద దేవుడి ఆశీర్వాదానికి గుర్తు అని బోధించేవాళ్ళు ఆ బంగారాన్ని చూపిస్తారు. ఇంకొందరు ద్వితీయోపదేశకాండం 17వ అధ్యాయం తీస్తారు. రాజు గుర్రాల్ని, భార్యల్ని, వెండి బంగారాల్ని విపరీతంగా పోగేయకూడదని అక్కడ ఉంది. సొలొమోను మూడూ పోగేశాడు. నాకు ఈ రెండో చదువే బలంగా అనిపిస్తుంది, ఎందుకంటే అది వాళ్ళ గ్రంథం లోపలి నుంచే వస్తుంది. మూడు వందల ఏళ్ళ తర్వాత, కూలి ఇవ్వకుండా మేడ కట్టించుకుంటున్న రాజు యెహోయాకీముని నిలదీసిన యిర్మీయా ప్రవక్తది ఏ ఊరో తెలుసా? అనాతోతు. యేసు కూడా సొలొమోను వైభవం కన్నా గడ్డిపూల అందమే మిన్న అన్నాడు. చర్చి ఎంత పెద్దగా కట్టాలి, ఎవరి డబ్బుతో, కట్టినవాళ్ళకి కూలి ముట్టిందా అని వాళ్ళు తమ పెద్దల్ని అడగాలంటే ఆధారం చేతిలోనే ఉంది.

సొలొమోను ఉన్నప్పుడే అసంతృప్తి మొదలైంది. యోసేపు గోత్రాల వెట్టి మీద అధికారిగా పెట్టిన యరొబాము ఎదురు తిరిగి ఐగుప్తుకి పారిపోయాడు. 40 ఏళ్ళు ఏలి, సుమారు క్రీ.పూ. 931లో సొలొమోను చనిపోయాడు. కొడుకు రెహబాము షెకెముకి వెళ్తే జనం ఒక్కటే అడిగారు, తండ్రి వేసిన బరువు తగ్గించమని. పెద్దవాళ్ళు తగ్గించమన్నారు. తనతో పెరిగిన కుర్రాళ్ళు ఇంకా పెంచమన్నారు. మూడు రోజులు ఆలోచించి కుర్రాళ్ళ మాటే పట్టుకున్నాడు. పైగా జనం దగ్గరికి వెట్టి అధికారినే పంపాడు. జనం అతన్ని రాళ్ళతో కొట్టి చంపేశారు. రెహబాము రథమెక్కి యెరూషలేముకి పారిపోయాడు. పది గోత్రాలు విడిపోయి యరొబాముని రాజుని చేసుకున్నాయి.

రెహబాము ఐదో ఏట ఐగుప్తు రాజు షీషకు దండెత్తి వచ్చి గుడి ధనం, కోట ధనం ఎత్తుకుపోయాడు. సొలొమోను చేయించిన బంగారు డాళ్ళు కూడా పోయాయి. వాటి బదులు రెహబాము ఇత్తడి డాళ్ళు చేయించాడు. రాజు గుడికి వెళ్ళినప్పుడల్లా కాపలావాళ్ళు వాటిని పట్టుకుని నడిచేవారు. తిరిగొచ్చాక కాపలా గదిలో పెట్టేసేవారు.