మనిషి అంకె కాదన్న జేఆర్‌డీ

జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో యంత్రం మొరాయిస్తే చూడటానికి ఇంజినీర్లు ఉన్నారు, ప్రత్యేక సిబ్బంది ఉన్నారు. అక్కడే పనిచేసే సుమారు 30 వేల మంది మనుషుల మంచిచెడులు చూసే విభాగం మాత్రం లేదు. ఈ లోటును 1943లో జేఆర్‌డీ టాటా సంస్థ పెద్దల ముందు పెట్టారు.

1904లో పారిస్‌లో పుట్టిన జేఆర్‌డీ, 1925లో జీతం లేని అప్రెంటిస్‌గా టాటాల సంస్థలో చేరారు. జంషెడ్‌పూర్‌లోనూ కొంతకాలం పని నేర్చుకున్నారు. 1938లో టాటా సన్స్ ఛైర్మన్ అయ్యారు. బిహారీలు, బెంగాలీలు, ఒడియాలు, ఆదివాసీలు, ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లిన తెలుగువారు కలిసి బతికే ఊరది. అంతమందిలో మనిషి హాజరు పట్టీలో ఒక అంకెగా మిగిలిపోవడం తేలిక. 1920, 1928ల్లో జరిగిన పెద్ద సమ్మెలు యాజమాన్యానికి, కార్మికులకు మధ్య ఉన్న దూరాన్ని అప్పటికే చూపించాయి.

జేఆర్‌డీ ఆలోచన నుంచే సిబ్బంది వ్యవహారాల విభాగం పుట్టింది. కార్మికులను పేరుపెట్టి పలకరిస్తాడని ఊరంతా చెప్పుకునే రూసీ మోదీ లాంటి అధికారులు ఈ వాతావరణంలోనే ఎదిగారు. 1956లో మైకేల్ జాన్ నాయకత్వంలోని యూనియన్‌తో కుదిరిన ఒప్పందం, సంస్థ వ్యవహారాల్లో కార్మికులతో సంప్రదింపులకు చోటిచ్చింది.

వినియోగదారుల విషయంలోనూ జేఆర్‌డీది అదే పట్టింపు. ఎయిరిండియా ఛైర్మన్‌గా విమానం ఎక్కిన ప్రతిసారీ టీ రుచి నుంచి సిబ్బంది మర్యాద వరకు గమనించి, లోపాలను అధికారులకు రాసి పంపేవారు. ప్రయాణికుడికి అతిథినన్న భావన కలగాలన్నది ఆయన పట్టుదల.

అయితే పలకరింపు ఒక్కటే కడుపు నింపదు. 1958లో జంషెడ్‌పూర్ మళ్లీ సమ్మెతో అట్టుడికింది. జేఆర్‌డీ వేసిన పునాది బలం ఆ తర్వాత రెండు దశాబ్దాలకు తెలిసింది. జనతా ప్రభుత్వ కాలంలో టాటా స్టీల్‌ను జాతీయం చేయాలన్న ప్రతిపాదన వస్తే, కార్మిక సంఘమే దాన్ని వ్యతిరేకించింది.

జేఆర్‌డీ 1993 నవంబర్ 29న జెనీవాలో కన్నుమూశారు. పేర్లు గుర్తుపెట్టుకోవడం కొందరికి సహజంగా అబ్బే గుణం. ఆ గుణాన్ని ఒక మనిషి మంచితనానికి వదిలేయకుండా, సంస్థ చేయాల్సిన పనుల్లో చేర్చడం జేఆర్‌డీ ప్రత్యేకత.