బానిస నుంచి పీష్వా వరకు: మాలిక్ అంబర్

1548 ప్రాంతంలో ఇథియోపియాలో జన్మించిన ఆ బాలుణ్ణి బానిసగా అమ్మేశారు. చేతులు మారి, బాగ్దాద్ మీదుగా దక్కను చేరిన అతణ్ణి అహ్మద్‌నగర్ పీష్వా చెంగిజ్ ఖాన్ కొన్నాడు. ఆ పీష్వా కూడా ఒకప్పటి హబ్షీ బానిసే! యజమాని మరణానంతరం స్వేచ్ఛ పొందిన మాలిక్ అంబర్ కాలక్రమంలో తానే పీష్వా అయ్యారు. మొగలులను ఏళ్ల తరబడి నిలువరించారు. 1610లో ఖడ్కీ (తర్వాతి ఔరంగాబాద్) నగరాన్ని నిర్మించి, భూగర్భ కాలువలతో నీరందించారు. 1626లో కన్నుమూశారు.

అమెరికాలోని వర్జీనియాలో 1662 నాటి చట్టం బానిస తల్లి బిడ్డకు పుట్టుకతోనే సంకెల వేసింది. దక్కనులో విముక్తుడైన బానిసకు రాజ్యాధికారం దాకా దారి ఉండేది. అయినా మనం గర్వించి ఊరుకోరాదు. ఆ బాలుణ్ణి కొని అమ్మినవారిలో ముస్లిములూ ఉన్నారు. బానిస విముక్తి పుణ్యకార్యమని దివ్యఖుర్ఆన్ బోధించినా బేరం ఆగలేదు. మన ఇంట పనిచేసేవారి పట్ల మనమెలా ఉన్నామో ఆలోచించుకుందాం.