పెంతెకొస్తు పండుగ – ఒంగోలు క్లౌ దొరగారి జీవితము



పునరుత్థాన పండుగ మొదలుకొని ఏడు వారములు లెక్కించి, ఏబదియవ దినమున మనము పెంతెకొస్తు పండుగ ఆచరించుచున్నాము. ఆ దినమున పరిశుద్ధాత్మ దిగివచ్చెననియు, పేతురు ప్రసంగము విని ఇంచుమించు మూడు వేలమంది బాప్తిస్మము పొందిరనియు (అపొ. కార్య. 2:41) మన సండేస్కూలు పిల్లలు కూడ చెప్పగలరు. అయితే అన్ని దేశముల నుండి అంతమంది యూదులు ఆ దినమున యెరూషలేములో ఎందుకు కూడియుండిరి? అది వారికి అప్పటికే పండుగ దినము గనుక. ఆ పాత పండుగ ఎట్టిదో తెలిసికొన్న యెడల, 1878వ సంవత్సరమున మన ప్రాంతములో జరిగిన గొప్ప కార్యమును, దానికి పనిముట్టుగా నుండిన క్లౌ దొరగారి జీవితమును మనము మరింత బాగుగా గ్రహింపగలము.

పెంతెకొస్తు అను గ్రీకు మాటకు ఏబదియవది అని అర్థము. యూదులు దీనిని వారముల పండుగ అందురు. పస్కా కాలమున యవల పంటలో మొదటి పనను యాజకుడు దేవుని యెదుట అల్లాడించెడివాడు. అక్కడి నుండి ఏడు వారములు లెక్కించి, గోధుమ కోత కాలమున క్రొత్త పిండితో చేసిన రెండు రొట్టెలను ప్రథమఫలముగా తెచ్చెడివారు. పస్కాలో పులిసినదేదియు ఇంట నుండరాదు. ఈ రెండు రొట్టెలు మాత్రము పులిపిండి వేసి కాల్చినవే (లేవీ. 23:17). తరువాతి కాలమున యూదులు సీనాయి కొండపై ధర్మశాస్త్రము ఇయ్యబడిన దినముగా కూడ ఈ పండుగను ఎంచిరి.

ఈ పండుగ మన ఏరువాకకు ముందు, చేలు బీడుగా నున్నప్పుడు వచ్చును. అందుచేత ఇది కోత పండుగయను సంగతి మనకు తోచదు. మరియొక సంగతిని కూడ మనము గమనింపక చదివి పోవుదుము. పండుగ విధులు ముగిసిన వెంటనే, ఆ తరువాతి వచనములోనే దేవుడు రైతుకు ఒక ఆజ్ఞ ఇచ్చెను. పొలము అంచులను పూర్తిగా కోయరాదు, రాలిన పరిగెను ఏరుకొనరాదు, అది బీదలకును పరదేశులకును విడువవలెను (లేవీ. 23:22). దాసదాసీలు, పరదేశులు, తండ్రిలేని పిల్లలు, విధవరాండ్రు అందరును ఆ పండుగలో యజమానునితో కూడ సంతోషింపవలెనని ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయము చెప్పుచున్నది. బీదవాడు లేని పండుగ దేవుని దృష్టికి పండుగ కాదు.

పరిగె భిక్షము కాదని కూడ గమనింపుడి. బీదవాడు ఇంటి ముంగిట చేయి చాపి నిలువనక్కరలేదు. తన చేతులతో ఏరుకొని, తన కష్టముతో తిని, తల యెత్తుకొని ఇంటికి పోవచ్చును. మోయాబీయురాలైన రూతు అట్లే బోయజు పొలములో పరిగె ఏరుకొనెను. ఆమె వంశమున దావీదు, దావీదు వంశమున మన ప్రభువు పుట్టిరి. యూదులు ఈ పండుగకు రూతు గ్రంథము చదువుకొనుట నేటికిని వాడుకయై యున్నది.

ఇప్పుడు మన ఒంగోలునకు వత్తము. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున నెల్లూరు మిషనరీ జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, మరి ముగ్గురు విశ్వాసులు ఒంగోలు కొండ యెక్కి, ఈ ప్రాంతమునకు ఒక సేవకుని పంపుమని ప్రార్థించిరి. ఆ ప్రార్థనకు జవాబు కనబడుటకు పండ్రెండేండ్లు పట్టెను.

జాన్ ఎవరెట్ క్లౌ 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించెను. యౌవనమున అడవులలో సర్వే పని చేసి, భూమి కొలుచుట నేర్చుకొనెను. అయోవా రాష్ట్రమున కళాశాలలో చదువుచుండగా ప్రభువును ఎరిగెను. 1864 నవంబరులో భార్య హారియెట్ అమ్మగారితో ఓడ యెక్కి, మరుసటి యేడు మద్రాసు చేరి, నెల్లూరులో తెలుగు నేర్చుకొని, 1866లో ఒంగోలు వచ్చెను. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడెను.

అప్పటికే తాళ్ళకొండపాడు గ్రామమునకు చెందిన యర్రగుంట్ల పేరయ్యగారు విశ్వాసియై యుండెను. ఆయన మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి, దేవుని వెదకి వెదకి కనుగొన్నవాడు. ఆయన సాక్ష్యము విని అనేకులు రాసాగిరి. అంతట పై కులములవారు కొందరు, ఈ జనులను చేర్చుకొన్న యెడల మేము రాజాలమని దొరగారికి తెలియజేసిరి. ఆయన కలతపడి బైబిలు తెరువగా మొదటి కొరింథీ పత్రిక 1:26–29 కనబడెను. వేరొక గదిలో అమ్మగారు కూడ ఆ భాగమునే చదువుచుండిరని తరువాత తెలిసెను. లోకము తక్కువవారని యెంచిన వారినే దేవుడు ఏర్పరచుకొనునను ఆ మాటతో వారి సందేహము తీరెను. పొలము అంచున నిలిచిన వారికి పండుగ పంక్తిలో చోటు దొరకెను.

1876లో వానలు లేకపోయెను. మరుసటి యేడును పంట దక్కలేదు. పెద్దలు ధాత కరువు అని చెప్పుకొనిన కరువు అదియే. మద్రాసు రాజధానిలో లక్షల ప్రజలు నశించిరి. కరువు పనిగా ప్రభుత్వము బకింగ్‌హాం కాలువ త్రవ్వించెను. మన సింగరాయకొండకు తూర్పున, సముద్రపు ఒడ్డు వెంబడి పోవు కాలువ అదియే. క్లౌ దొరగారు ఒంగోలు దగ్గర మూడు మైళ్లకు పైచిలుకు కాలువ త్రవ్వుటకు కాంట్రాక్టు తీసికొనెను. చిన్ననాడు నేర్చిన సర్వే పని ఆనాడు అక్కరకు వచ్చెను. బోధకులనే మేస్త్రీలుగా నిలిపెను. ఆకలితో వచ్చినవారు ఏ కులమువారైనను పలుగు పార పట్టి, మట్టి మోసి, కూలి తీసికొని బ్రతికిరి. అది భిక్షము కాదు, పరిగె వంటిది. విరామ వేళలలో బోధకులు వారి నడుమ కూర్చుండి యేసుప్రభువును గూర్చి చెప్పిరి.

అనేకులు నమ్మి బాప్తిస్మము కోరిరి. ఇక్కడనే ఆయనకు గొప్ప పరీక్ష కలిగెను. తన చేతి కూలి మీద బ్రతుకుచున్నవారికి బాప్తిస్మమిచ్చిన యెడల, వారు కూటికొరకు వచ్చిరో క్రీస్తుకొరకు వచ్చిరో ఎవరు చెప్పగలరు? సంఖ్య పెంచుకొనవలెనన్న అంతకంటె తేలిక సమయము లేదు. అయినను ఆయన బాప్తిస్మములను నిలిపివేసెను. సుమారు పదునైదు నెలలు ఒక్కరికిని ఇయ్యలేదు. కూలి మాత్రము నిలుపలేదు. శిష్యులు యెరూషలేములో కనిపెట్టుకొని యుండినట్లు ఈ బీదజనులును కనిపెట్టుకొని యుండిరి.

1878 జూన్ నాటికి కరువు సహాయము ముగింపునకు వచ్చెను. ఇక ఇచ్చుటకు డబ్బు లేదని చెప్పినను జనులు వెనుకకు మరలలేదు. మాకు డబ్బు వద్దు, బాప్తిస్మము కావలెనని పట్టుపట్టిరి. అప్పుడాయన సమ్మతించెను. ఒంగోలునకు ఉత్తరమున గుండ్లకమ్మ యొడ్డునగల వెల్లంపల్లి వద్ద జనులు కూడిరి. ఏ గ్రామపు బోధకుడు ఆ గ్రామపు జనులను ఎరిగి, విచారించి, పేర్లు వ్రాయించెను. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు దినములలో 3,536 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో దిగి బాప్తిస్మమిచ్చిరి. దొరగారు తానెవరికిని ఇయ్యక ఒడ్డున నిలిచి, అంతయు క్రమముగా జరుగునట్లు చూచుకొనెను. ఆ యేడు ముగియక మునుపే తొమ్మిది వేలకు పైగా జనులు చేర్చబడిరి.

క్యాలెండరు ప్రకారము అది పెంతెకొస్తు దినము కాదు. కాని యెరూషలేములోని మూడు వేలను తలంచుకొనక ఆ సంగతి చెప్పినవారు అరుదు. వచ్చిన వారందరి మనస్సులు సమానముగా తేటగా నుండెనని మనము చెప్పజాలము. అప్పుడే కొందరు సందేహించిరి. అయితే ఆ పండుగకు దేవుడు కోరినవి పులిసిన రొట్టెలే గదా. దినదినము మన యిండ్లలో తిను రొట్టె వంటి సామాన్య జనులను, వారి కొరతలతోనే ఆయన చేర్చుకొని, తరువాత వాక్యముచేత బాగుచేయును. అందుకే క్లౌ దొరగారు మిగిలిన ఏండ్లు ఆ జనులకు పాఠశాలలు పెట్టుటయందును బోధకులను సిద్ధపరచుటయందును గడిపెను. 1910 నవంబరు 24న అమెరికాలో రాచెస్టరు పట్టణమున ఆయన ప్రభువునందు నిద్రించెను. ఆయన జ్ఞాపకార్థము ఒంగోలులో ఒక ఆసుపత్రి వెలసెను.

ప్రియులారా, మన తాతముత్తాతలలో అనేకులు ఆ పొలము అంచుననే నిలిచినవారు. ఇశ్రాయేలీయులు ఐగుప్తులో దాసులై యుండిన సంగతి ఈ పండుగలో జ్ఞాపకము చేసికొనవలసినట్లు, మనమును దీనిని మరువరాదు. నేడు మనలో కొందరికి మిరప తోటలున్నవి, పత్తి చేలున్నవి. కోతకు వచ్చిన కూలివానికి ఆ దినపు కూలి ఆ దినమే ఇచ్చుచున్నామా? ఆఖరు కోత తరువాత మిగిలిన కాయ, రాలిన దూది ఏరుకొనుటకు వచ్చిన ముసలిదానిని చేలోనుండి తరుముచున్నామా? పొరుగు జిల్లాల నుండి పనికి వలస వచ్చినవారిని ఆదివారము మన ఆరాధనకు, పండుగ భోజనమునకు పిలుచుచున్నామా? పరిశుద్ధాత్మ కొరకు ప్రార్థించునప్పుడు మన పొలము అంచును కూడ చూచుకొందము. క్లౌ దొరగారు మొదట పని చూపి, అన్నము దొరకజేసి, పిమ్మట ఓపికతో కనిపెట్టెను. పంటను మాత్రము దేవుడే కూర్చెను.

ప్రభువు మనకును అట్టి మనస్సు అనుగ్రహించును గాక. ఆమేన్.