ఆలిస్ హామిల్టన్

ఆలిస్ హామిల్టన్ (ఫిబ్రవరి 27, 1869 - సెప్టెంబర్ 22, 1970) అమెరికాకు చెందిన వైద్యురాలు, శాస్త్రవేత్త. సీసం, పాదరసం వంటి విషపదార్థాలు కార్మికుల శరీరంలోకి ఎలా చేరుతున్నాయో కర్మాగారాలు తిరిగి స్వయంగా పరిశీలించి, ఆ దేశంలో పారిశ్రామిక విషశాస్త్రానికి పునాది వేసింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకురాలిగా నియమితురాలైన మొదటి మహిళ ఈమె.

బాల్యం, విద్య

న్యూయార్క్ నగరంలో జన్మించిన ఆలిస్ ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్‌లో పెరిగింది. గ్రీకు పురాణగాథలపై ప్రసిద్ధ గ్రంథాలు వ్రాసిన ఎడిత్ హామిల్టన్ ఈమె అక్క. 1893లో మిచిగాన్ విశ్వవిద్యాలయం నుండి వైద్యపట్టా పొంది, అటుపై జర్మనీలో బాక్టీరియా శాస్త్రం, రోగవిజ్ఞానం అభ్యసించింది. 1897లో చికాగో చేరి మహిళా వైద్య కళాశాలలో బోధిస్తూ, జేన్ ఆడమ్స్ నడిపిన హల్ హౌస్ అనే సేవాకేంద్రంలో నివసించింది. చుట్టుపక్కల వలస కార్మిక కుటుంబాల జబ్బులు చూశాక ఆమె దృష్టి పరిశ్రమలవైపు మళ్ళింది. ఐరోపాలో వృత్తిసంబంధ వ్యాధులపై అప్పటికే చట్టాలు, గ్రంథాలు ఉండగా, అమెరికాలో ఈ విషయాన్ని పట్టించుకున్నవారు బహు తక్కువ.

సీసంపై పరిశోధన

1910లో ఇల్లినాయి రాష్ట్రం వృత్తివ్యాధుల సర్వే చేయించినప్పుడు సీసం భాగాన్ని ఆమె చేపట్టింది. ఆసుపత్రి దాఖలాలు వెదకి, మందుల దుకాణదారులను, కార్మిక నాయకులను విచారించి, రోగుల ఇళ్ళకు వెళ్ళి 578 సీసవిష బాధితులను గుర్తించింది. ఒకసారి స్నానపు తొట్లకు పూత వేసే కర్మాగారంలో ఆమెకు ప్రమాదం లేని గదినే చూపించారు. మోసం జరిగిందని తరువాత ఒక కార్మికుని ద్వారా తెలిసింది. ఎర్రగా కాలిన తొట్టిపై సీసం కలిసిన ఎనామెల్ పొడిని చల్లడం, లేచిన ధూళిని పీల్చడం అతని అసలు పని.

కార్మికులు చేతులు కడుక్కోకుండా తినడమే సీసవిషానికి కారణమని యజమానులు వాదించేవారు. ఈ వాదనలో తప్పంతా కార్మికునిదే అవుతుంది. నోటికంటె ఊపిరి ద్వారా చేరే ధూళి, పొగలే ముఖ్య కారణమని హామిల్టన్ నిరూపించింది. కనుక సబ్బు, నీళ్ళు ఇస్తే సరిపోదు. ధూళి పుట్టినచోటనే దానిని గొట్టాల ద్వారా బయటకు లాగివేయాలి. నేషనల్ లెడ్ కంపెనీ పెద్దలలో ఒకడైన ఎడ్వర్డ్ కార్నిష్ తమవద్ద ఈ జబ్బు ఉన్నదంటే మొదట నమ్మలేదు. ఆమె దాఖలాలతో 22 మంది వివరాలు చూపగా, ధూళిని, పొగను అరికట్టే ఏర్పాట్లు, వైద్యపరీక్షలు ప్రారంభింపజేశాడు. 1911లో ఇల్లినాయిలో రక్షణ చర్యలను, నెలనెలా వైద్యపరీక్షలను విధించే చట్టం వచ్చింది.

అదే సంవత్సరం కేంద్రప్రభుత్వ కార్మిక విభాగానికి ప్రత్యేక పరిశోధకురాలైంది. కర్మాగారంలోకి బలవంతంగా ప్రవేశించే అధికారం ఆమెకు లేదు. మర్యాదగా అడగడం, ఒప్పించడం, అంతే. మొదటి ప్రపంచయుద్ధకాలంలో మందుగుండు కర్మాగారాలను, అటుపై పాదరసం, కృత్రిమ పట్టు పరిశ్రమలలోని కార్బన్ డైసల్ఫైడ్‌ను కూడా పరిశీలించింది.

హార్వర్డ్

1919లో హార్వర్డ్ ఆమెను సహాయ ఆచార్యురాలిగా నియమించింది. ఆ విషయంలో ఆమెకు సమానమైన నిపుణుడు దొరకకపోవడమే కారణం. అయితే అధ్యాపకుల క్లబ్బులో అడుగుపెట్టరాదు, ఫుట్‌బాల్ టిక్కెట్లు అడగరాదు, స్నాతకోత్సవ ఊరేగింపులో నడవరాదు. 1935లో పదవీ విరమణ చేసేవరకు పదోన్నతి లేదు.

1924లో న్యూజెర్సీలో టెట్రాఇథైల్ లెడ్ తయారుచేస్తున్న కార్మికులు మరణించారు. 1925లో వాషింగ్టన్ సమావేశంలో పెట్రోలులో సీసం కలపడాన్ని ఆమె వ్యతిరేకించినా, నిషేధించడానికి ఆధారాలు లేవని నిపుణుల సంఘం తేల్చింది. భారతదేశంలో ఆ పెట్రోలు అమ్మకం 2000లో ఆగింది. ప్రపంచంలో చివరిగా అల్జీరియాలో 2021లో.

రచనలు, చివరి దశ

1925లో అమెరికా పారిశ్రామిక విషాలపై పాఠ్యగ్రంథాన్ని, 1943లో "ఎక్స్‌ప్లోరింగ్ ది డేంజరస్ ట్రేడ్స్" అనే ఆత్మకథను ప్రచురించింది. 1947లో లాస్కర్ పురస్కారం లభించింది. కనెక్టికట్‌లోని హాడ్లైమ్‌లో 101వ ఏట మరణించింది. కార్మికుల వృత్తిభద్రత, ఆరోగ్య చట్టంపై అమెరికా అధ్యక్షుడు సంతకం చేసినది ఆ తరువాత మూడు నెలలకు, 1970 డిసెంబర్ 29న. 1995లో తపాలాశాఖ ఈమె చిత్రంతో 55 సెంట్ల స్టాంపు విడుదల చేసింది.