ఓడిన వాదన వెనక జడ్జి సయ్యద్ అమీర్ అలీ

అప్పులవాళ్లు భూమి మీద దావా వేస్తే, ఇది పిల్లల కోసం తాతలు రాసిన వక్ఫ్ అని ప్రతివాదులు వక్ఫ్‌నామా చూపించేవారు. వంశం అంతరిస్తే పేదలకు చెందాలని అందులో ఉండేది.

1849లో పుట్టిన అమీర్ అలీ కలకత్తా హైకోర్టు జడ్జి. సొంతవాళ్లను పోషించడం కూడా సదఖానే, అలాంటి వక్ఫ్ చెల్లుతుందని 1892లో తోటి జడ్జీలకు భిన్నంగా తీర్పు రాశారు. 1894లో లండన్ ప్రివీ కౌన్సిల్ కాదనేసింది. మద్రాసు రాజధానిలోని మన వెల్దుర్తి దాకా ఇక అదే చట్టం. వకీళ్లు మాత్రం ఏం చేస్తారు?

1909లో ఆయనే ప్రివీ కౌన్సిల్‌లో కూర్చున్న మొదటి భారతీయుడయ్యారు. 1913లో జిన్నా బిల్లుతో కుటుంబ వక్ఫ్ మళ్లీ చెల్లింది, కొత్తవాటికే. పాతవాటికి 1930 దాకా ఆగాల్సి వచ్చింది. అమీర్ అలీ 1928లోనే ఇంతెఖాల్ అయ్యారు.